పక్కవాళ్ల సంతోషం

మొన్న సోమవారం ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే ఒక ఫారం ప్రత్యక్షమైంది. "మీ ఉద్యోగంలో మీరు ఎంత సంతోషంగా ఉన్నారు? ఒకటి నుంచి అయిదులోపు ఒక అంకె ఎంచుకోండి" అని. కింద వరసగా అయిదు గుండ్రటి మొహాలు, ఏడుపు మొహం దగ్గర్నుంచి పళ్లికిలించే మొహం దాకా. పక్క సీటు అమ్మాయి క్షణం కూడా ఆలోచించకుండా నాలుగు నొక్కేసి టీకి లేచింది. అదేమిటమ్మా అంటే, అయిదు నొక్కితే ఇంకాస్త పని అంటగడతారట, మూడు నొక్కితే గదిలోకి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారట. నాకు నవ్వాగలేదు. ఇలాంటి ఫారం ఒకటి నేనూ తయారుచేశాను. ఇరవై ఏళ్లు దాటిపోయింది. దాని పుణ్యమా అని నేనూ మా పెద్దమ్మా పలాస నుంచి బయల్దేరి సముద్రం ఒడ్డు దాకా తిరిగాం.

అప్పుడు నేను టెక్కలిలో ఎం.సి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరి నుంచి కాలేజీకి బస్సు సౌకర్యం లేక, పలాసలో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. నేనూ పొద్దున్నే ఆమెతో వెళ్లి, రెండు మూడు గంటలు పిక్కలు కొట్టి, చేతులు కడుక్కుని టెక్కలి బస్సెక్కేదాన్ని. జీడి పిక్క సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దాని పెంకులో ఒక నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుతుంది, ఆరితే నల్లటి మచ్చ పడుతుంది. చేతులకు బూడిద పూసుకుని కూర్చుంటాం, అయినా వేళ్ల చివర్లు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటాయి. పెద్దమ్మ ఒక్క దెబ్బకు పెంకు పగలగొట్టి, పప్పు విరగకుండా గుండుగా బయటికి తీసేది. నాది ఎప్పుడూ రెండు బద్దలయ్యేది. "నీది సదువుకున్న సెయ్యే, అందుకే ఇరిసేత్తన్నావు" అనేది. కాలేజీలో మాత్రం నేను ఫ్యాక్టరీ మాటెత్తేదాన్ని కాదు. వేళ్లకేమైందని ఎవరైనా అడిగితే ఒకసారి పెన్ను కారిందనీ, ఒకసారి గోరింటాకు వికటించిందనీ చెప్పేదాన్ని. మూడేళ్లలో నా పెన్ను ఎన్నిసార్లు కారిందో చూస్తే, ఎవరైనా జాలిపడి కొత్తది కొనివ్వాల్సింది.

చివరి సంవత్సరం ప్రాజెక్టు చెయ్యాలి. క్లాసులో సగం మంది లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రాం, మిగతా సగం మంది ఆస్పత్రి రోగుల ప్రోగ్రాం ఎంచుకున్నారు. ఆ రోజుల్లోనే కాలేజీ లైబ్రరీలో పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనిపించింది. హిమాలయాల్లో భూటాన్ అనే చిన్న దేశం ఉందట. అక్కడ దేశం ఎంత సంపాదించిందని కాకుండా, జనం ఎంత సంతోషంగా ఉన్నారని లెక్క చూసుకుంటారట. నాకు ఆ వార్త ఎంత నచ్చిందంటే, మూడుసార్లు చదివి మాస్టారి గదిలోకి పరుగెత్తాను. మాకు ప్రోగ్రామింగ్ చెప్పే ఆయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. నేను పలాస సంతోషాన్ని లెక్కకట్టే ప్రోగ్రాం రాస్తానంటే, ఆయన ముక్కుమీది కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "రాయమ్మా. కానీ బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ చాలా కఠినమైన మనిషి. ఆయన ముందు నవ్వులపాలు కాకు. అయితే మాత్రం నేను ఆపలేను" అన్నారు.

పది ప్రశ్నలతో ఫారం తయారైంది. మొదట మా షెడ్డులోనే మొదలుపెట్టాను. మా షెడ్డు ఎలాంటిదంటే, సుత్తుల చప్పుడు కన్నా నవ్వుల చప్పుడు ఎక్కువ. ఒకామె అత్తగారి నడకను అనుకరిస్తే, ఇంకొకామె మేస్త్రీ దగ్గును అనుకరించేది. ఆ నవ్వుల మధ్యే ఫారం తీసి "అక్కా, నువ్వు సంతోషంగా ఉన్నావా?" అని అడగ్గానే, అప్పటిదాకా పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనిషి మొహం వేలాడేసింది. "ఏటి సంతోసమమ్మా. నడుం నొప్పి. ఇల్లు కురుత్తన్నాది. రాసుకో." పక్కామె వచ్చి "నాకూ రాయి. మోకాళ్లు కూడా రాయి" అంది. ఇంకొకామె కంటినిండా నీళ్లు కూడా తెచ్చుకుంది. చివరికి పెద్దమ్మ నా చెవిలో "అన్ని కష్టాలూ ఉన్నాయని రాయే, పక్కా ఇళ్లొస్తాయి" అని రహస్యంగా చెప్పింది. అప్పుడర్థమైంది. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా అది ప్రభుత్వం వాళ్ల సర్వే అనీ, కష్టం చెప్పుకుంటేనే ఏదైనా వస్తుందనీ వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ఫారాలు మడిచి సంచిలో పెట్టుకున్నానో లేదో, షెడ్డులో మళ్లీ నవ్వులు మొదలయ్యాయి.

అవన్నీ కంప్యూటర్లో ఎక్కించాను. వచ్చిన జవాబు చూసి మాస్టారు "ఈ లెక్కన పలాసలో ఒక్కరు కూడా బతికి ఉండకూడదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం దిగులుగా ఇంటికొచ్చి పెద్దమ్మతో చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూ తలెత్తకుండా అంది: "ఎవుల్ని ఆళ్ల సంతోసం అడిగితే సెప్తారే? ఇల్లు రాదని ఒగ భయం, దిట్టి తగుల్తాదని ఒగ భయం. పక్కోళ్లది అడుగు, ఎంతైనా సెప్తారు."

ఎం.సి.ఏ. మూడేళ్లలో ఇంత మంచి సలహా నాకెవరూ ఇవ్వలేదు. మర్నాడు పది ప్రశ్నల ఫారం పక్కన పడేసి, ఒకే ప్రశ్నతో వెళ్లాను. "మీకు తెలిసినవాళ్లలో సంతోషంగా ఉన్నదెవరు?" ఇక చూడాలి. రాసుకోవడానికి నా చెయ్యి చాలలేదు. ఒకామె తోటికోడల్ని చూపించింది, మొగుడు టీ పెట్టి నిద్రలేపుతాడట. ఇంకొకామె మేస్త్రీని చూపించింది, చెవుడు కాబట్టి ఎవరి తిట్లూ వినపడవట. ఎక్కువమంది చెప్పిన పేరు మాత్రం పూండి స్టేషను దగ్గర ఇడ్లీలు అమ్మే ఒకావిడది. పెద్దమ్మనూ అడిగాను. "ఇంకెవులే? నువ్వే. సదువుకుంటన్నావు కాదేటి" అంది. ఆ మాటా రాసుకున్నాను. రాస్తున్న వేళ్లు నల్లగా ఉన్నాయి. అవి కాలేజీలో దాచుకునే వేళ్లని ఆమెకు తెలియదు.

ప్రోగ్రాం దానంతటదే మనసులో తయారైపోయింది. ఒక్కొక్కరి పేరు, వాళ్లు చేసే పని, వాళ్లు చూపించిన మనిషి పేరు. మొదటి పేరు ఇస్తే అది రెండో మనిషి దగ్గరికి, అక్కడి నుంచి మూడో మనిషి దగ్గరికి పోతూ ఉండాలి. చూపించడానికి ఎవరూ లేనప్పుడు ఆగాలి. అంటే నేను కూడా అలాగే పోవాలి. ఆదివారం వస్తే చాలు పెద్దమ్మ జరీ అంచు చీర కట్టుకుని తయారయ్యేది. "దేశం సంతోసం సూడ్డానికెల్తన్నాం" అని వీధంతా చెప్పి మరీ బయల్దేరేది.

పూండిలో ఇడ్లీలావిడకు మాతో మాట్లాడే తీరికే లేదు. ప్యాసింజరు వచ్చి వెళ్లాక, గిన్నెలు సర్దుకుంటూ నా ప్రశ్న విని "నన్నెవులు సూపించినారు? ఆళ్లకేటైనా మతి పోయిందేటి?" అని మురిసిపోతూ మాకు చెరో నాలుగిడ్లీలు పెట్టింది. ఆవిడ కంచిలిలో ఉన్న తన అన్నను చూపించింది. పై ఆదివారం కంచిలి వెళ్లేసరికి ఆ అన్న కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. కాయలు దింపడం ఆయన పని. కిందనుంచి అరిచి అడిగితే, పైనుంచి "సంతోసమా? ఏ పార్టీ తరపున?" అని అరిచాడు. ఏ పార్టీ కాదు మావా, చదువు కోసమని పెద్దమ్మ నచ్చచెప్పాక, "ఇక్కడున్నంతసేపూ సానా సంతోసమే. దిగితే మీ అత్తుంటాది" అన్నాడు. కింద కాయలు పోగేస్తున్న ఆయన భార్య తలెత్తి "దిగు మరి" అంది. నవ్వులన్నీ అయ్యాక ఆయన కిందికి దిగి, చెమట తుడుచుకుని, నిజంగా ఆలోచించి చెప్పాడు. సంతబొమ్మాళి అవతల బెస్తపల్లె నుంచి బస్సుల్లో ఎండుచేపలు తెచ్చి కంచిలి సంతలో అమ్మే ముసలావిడ ఉందట. "ఈ మజ్జిన ఆమె మొకం సూడాల. సేపలమ్మినా అమ్మకపోయినా నవ్వే" అన్నాడు.

మూడో ఆదివారం ఆ పల్లెకు వెళ్లాం. మంగళవారం నా పరీక్ష. ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, వలల పాక పక్కన చేపలు ఎండబెడుతున్న ఆ ముసలావిడను పట్టుకున్నాం. కాకుల్ని అదిలించే కర్ర చేతిలోనే ఉంది. "అమ్మమ్మా, నీకు తెలిసినవాళ్లలో సంతోషంగా ఉన్నదెవరు?" అని అడిగాను.

"నానే" అంది.

ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు. పెద్దమ్మ కంగారుపడి "ఓలమ్మా, అలగనకప్పా, దిట్టి తగుల్తాది" అంది.

"సదువుకున్నదానికి దిట్టేటే?" అంది ముసలావిడ, కర్ర కిందపెట్టి. చేపల గంపతో బస్టాండులో నిలబడి, ఏ బస్సు ఎక్కడికెళ్తుందో ఎవర్నో ఒకర్ని అడుగుతూ బతికిందట ఆవిడ. "ఒగసారి ఒగడు తప్పు సెప్పి ఇంకేదో బస్సెక్కించీసినాడు. తెలీని ఊర్లో దిగి, గంప పక్కన కూకోని ఏడిసినాను." ఏడాది కిందట పల్లెలోని ఒక పిల్ల మధ్యాహ్నాలు ఈ వలల పాకలోనే పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టిందట. "ఇప్పుడు బోర్డు నానే సదువుతాను. 'అమ్మా, ఇదెక్కడికెల్తాది' అని సీర కట్టుకున్నోళ్లు, ప్యాంటు ఏసుకున్నోళ్లు కూడా నన్నడుగుతారు. నాను సెప్తాను. ఇంకేటి గావాల?" అని నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. చేపల చేతిని కొంగుకు తుడుచుకుని, పేజీకి అడ్డంగా తన పేరు తానే రాసింది. ఒక్కో అక్షరం నిమ్మకాయంత. రాసి, దూరంగా పట్టుకుని చూసుకుని, ఒక దీర్ఘం మరిచిపోయానని మళ్లీ దగ్గరికి తెచ్చుకుని పెట్టింది. ఆ పేజీకి ఇప్పటికీ కాస్త చేపల వాసన ఉందని నాకు అనిపిస్తుంది. మా వాళ్లు లేదంటారు.

తిరిగొచ్చేటప్పుడు టెక్కలి బస్టాండులో పలాస బస్సు వచ్చి ఆగాక, పెద్దమ్మ దాని బోర్డు వైపే చూస్తూ నిలబడింది. "అందులో ప ఏదే?" అంది మెల్లగా. చూపించాను. "మరి అలగే ఉండి తోకున్నది?" అది స అని చెప్పి, రెండిటికీ తేడా ఎక్కడుందో వేలితో గాల్లో గీసి చూపించాను. "నాకూ నేర్పుతావేటే?" అంది. నేను "అయ్యో, దానికేం పెద్దమ్మా!" అని గట్టిగా అనేసరికి "నెమ్మదిగానే, ఎవులైనా ఇంతారు" అని నా భుజం మీద ఒకటి వేసింది.

మంగళవారం ఎగ్జామినర్ వచ్చారు. మాస్టారు చెప్పినట్టే నవ్వని మనిషి. ప్రోగ్రాం నడిపించాను. షెడ్డులో ఒకామె పేరు వచ్చింది, దాని కింద పూండి ఇడ్లీలావిడ, దాని కింద కంచిలి మావ, దాని కింద చేపల అమ్మమ్మ. అక్కడితో ఆగాలి. ఆగలేదు. మళ్లీ చేపల అమ్మమ్మ పేరే వచ్చింది. మళ్లీ అదే. మళ్లీ అదే. తెర నిండిపోయి, పేర్లు పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి. మాస్టారి మొహం పాలిపోయింది, "ఆపమ్మా, ఆపు" అన్నారు. ఎగ్జామినర్ "ఏమిటిది?" అన్నారు. ఆయన అడిగాకే నాకు వెలిగింది. ముందు రోజే ఎక్కించిన పేరు, సరిచూసుకోలేదు. "సార్, అందరూ ఇంకొకర్ని చూపించారు. ఈవిడ ఒక్కతే తనని తనే చూపించుకుంది. అందుకని కంప్యూటర్ మళ్లీ మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్తోంది" అన్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆవిడెవరు, ఏం చేస్తుంది, ఎందుకలా అంది అని అడిగి, బస్సు బోర్డు సంగతంతా విన్నారు. అప్పుడు నవ్వారు. టీ తాగినంతసేపూ ఆ పేరును అలా పరుగెత్తనిచ్చి, "సరే, తప్పు దిద్దు" అన్నారు.

ఒక్క లైను చాలు. నేను కొడుతుంటే ఆయన చూపు నా వేళ్ల మీద పడింది. "చేతులకేమైంది?" పెన్ను కారిందనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. "జీడి సార్. మా పెద్దమ్మతో పొద్దున్నే పిక్కలు కొట్టి కాలేజీకి వస్తాను" అన్నాను. మూడేళ్లు నాకు పాఠం చెప్పిన మాస్టారు నా వైపు తిరిగి చూశారు. "మీ పెద్దమ్మ ఇందులో ఉందా? ఎవర్ని చూపించింది?" అని ఎగ్జామినర్ అడిగారు. "నన్నే సార్." "నిజమేనా?" అన్నారాయన. "ఇప్పుడైతే నిజమే సార్" అన్నాను.

క్లాసులో నాది మొదటి మార్కు కాదు, రెండోది. లైబ్రరీ ప్రోగ్రాం రాసిన అబ్బాయికి మొదటిది వచ్చింది, వాడిది ఎక్కడా చెడిపోలేదు మరి. పెద్దమ్మ మాత్రం వానలు పడేలోపు గుణింతాలు పూర్తిచేసింది. ఆ తర్వాత ఆమెతో బజారుకు వెళ్లడం పెద్ద పని అయిపోయింది. సిమెంటు ప్రకటన దగ్గర్నుంచి పళ్ల డాక్టరు బోర్డు దాకా గోడగోడకూ ఆగి, కూడబలుక్కుని పైకి చదివేది. బోర్డు పూర్తిగా చదవకుండా బస్సెక్కనని పట్టుబట్టి రెండుసార్లు బస్సు తప్పించింది. షెడ్డులో ఇంకో నలుగురు నేర్చుకుంటామని చేరారు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు పక్కకు జరిపి, నేను టెక్కలిలో ఉన్న వేళ పెద్దమ్మే వాళ్లకు పంతులమ్మ అయింది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లందరూ 'స'ని కాస్త వంకరగా రాసేవాళ్లు.

ఆ చివరి ఏడాదంతా పొద్దున్నే బూడిద చేతులతో కూర్చుని, ఈ రోజులు త్వరగా అయిపోతే బాగుండునని కోరుకున్నాను. అయిపోయాయి. కాలం నా మాట అంత బుద్ధిగా వింటుందని అప్పుడే తెలిసి ఉంటే, కాస్త నెమ్మదిగా నడవమని అడిగి ఉండేదాన్ని.