నిప్పు బల్లెం, సొరకాయ

శుక్రవారం మధ్యాహ్నం. దోహా, అల్ సద్‌లో మా అమ్మాయి ఫ్లాటు. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మాయి, మనవరాలు, పక్క ఫ్లాటు చైనా అక్క.

మనవరాలు బడి కోసం తొలినాటి చైనా తుపాకీ బొమ్మ గీసింది. ఒక మనిషి, అతని గుప్పిట్లో నిప్పులు కక్కే వెదురు గొట్టం. చైనా అక్క చూసి తల అడ్డంగా ఊపింది. గొట్టాన్ని పొడవాటి బల్లేనికి కట్టేవారట. పేరు కూడా హువో చియాంగ్, అంటే నిప్పు బల్లెం. తరువాత కంచు గొట్టాలు వచ్చాక వాటికి హువో చోంగ్ అని వేరే పేరు పెట్టారట. అయినా బల్లెం అన్న మాట పోలేదు. ఇవాళ్టికీ వాళ్లు తుపాకీని చియాంగ్, అంటే బల్లెం అనే అంటారు.

"కర్రకు కట్టిన చిచ్చుబుడ్డి కదా అమ్మమ్మా! ఇదేం గన్ను?" అని మనవరాలు పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నిప్పు బల్లెం అన్న పేరు నేను ముందే విన్నాను.

నా చిన్నప్పుడు, తెలంగాణలో మా ఊరి జాతరకు మా తాతయ్య వెదురు గొట్టాల్లో మందు కూరి నిలువెత్తు కర్రల కొసన కట్టేవాడు. మొన లేకపోయినా వాటిని నిప్పు బల్లేలనే అనేవాడు. ఒక ఏడు నాకూ ఒకటి కావాలని మొండికేశాను. కర్ర బరువు, గొట్టమే పట్టుకుంటానన్నాను.

తాతయ్య కోప్పడలేదు. "ఏడ పట్టుకుంటవ్ బిడ్డా? సూపియ్యి" అన్నాడు. చూపించాను. సరిగ్గా అక్కడే ఒక లేత సొరకాయను కట్టి, కర్రను నేలలో పాతి, అంటించి, నన్ను గోడ వెనక్కి లాక్కుపోయాడు. బంగారు రంగు మంట ఆకాశానికి లేచింది. అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుని చూస్తుండగానే వెదురు ఫట్‌మని చీలింది. సొరకాయ ముక్కలు గోడ దాకా వచ్చి పడ్డాయి.

"గది నీ చెయ్యి" అన్నాడు తాతయ్య.

తరువాత రెండో కర్ర అడుగు కొస నా చేతికిచ్చి, నా చేతుల మీద తన చేతులు వేశాడు. ఈసారి మంట ఎక్కడో పైన, నక్షత్రాల పక్కన ఆడింది.

ఎక్కడి చైనా, ఎక్కడి మా ఊరు! నిప్పును చేతికి దూరంగా నిలబెట్టిన కర్రను రెండు చోట్లా పేరులో దాచుకున్నారు.

శనివారం ఉదయం. నేను చెప్పిన సొరకాయ కథ విని మనవరాలు కొత్త బొమ్మ గీసింది. బల్లేనికి చోటు చాలక రెండో కాగితం అతికించింది. మనిషి చేతులు అడుగున ఎక్కడో ఉన్నాయి. గొట్టం దగ్గర మాత్రం ఒక సొరకాయ. అదేమిటని చైనా అక్క అడిగింది.

"అమ్మమ్మ చెయ్యి" అంది పిల్ల.

ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.