ఏడు చేతులు

మా సంఘానికి బైలా రాసింది నేనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లి కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. నాలుగు ముక్కలు మాట్లాడగలనని, చర్చి పెద్దలు ఏడుగురిలో నన్నూ ఒకణ్ణి చేశారు. పాత సమాధుల తోట నిండిపోయింది. సొంతవాళ్ల సమాధినే తెరిచి అందులో ఇంకొకరిని పెట్టుకోవడం మాలో ఆనవాయితీ. దానికి ఎవరు సరేననాలన్నది తగాదా.

క్లాసులో చెప్పే పాఠమే అక్కడా చెప్పాను. నలుగురి మాటే చెల్లితే మిగతా ముగ్గురి గతేమిటి? రాజ్యాంగం రాసుకునే రోజున ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఎవరికీ నష్టం లేని పనే జరగాలి. ఏడు చేతులూ లేస్తేనే సమాధి తెరవాలి, ఈ నియమం మార్చాలన్నా ఏడూ లేవాలి. అందరూ తలలూపారు. ఊళ్లో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. అందరినీ ఒప్పించేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందన్నది ఆ పాఠంలో రెండో సగం. అది చెప్పలేదు.

మరుసటేడు, మా ఏడుగురిలో రైల్వేలో రిటైరైన పెద్దాయన భార్య పోయింది. తన తల్లి సమాధిలో పెట్టుకుంటానన్నాడు. ఆరు చేతులు లేచాయి. ఆ సమాధి మా నాన్న సమాధిని ఆనుకుని ఉంటుంది. తవ్వితే నాన్న సమాధి గోడ పడిపోతుందని నా భయం. పడితే మళ్లీ కట్టుకోవచ్చు, అయినా నా చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాను. ఆవిణ్ణి ఊరి బయట, చెరకు తోటల పక్కన కొన్న కొత్త నేలలో ఒంటరిగా పెట్టారు.

రెండేళ్లకు మా అమ్మ మంచం పట్టింది. నాన్న సమాధిలోనే పెట్టమంది, ఇంకో కోరిక లేదు. ముందుగానే పెద్దల్ని అడిగాను. ఆరు చేతులు లేచాయి, నాది కూడా కలిపి. రైల్వే పెద్దాయన నేల చూస్తూ కూర్చున్నాడు.

"నియమం మారుద్దాం," అన్నాను, సిగ్గు లేకుండా.

"దానికీ ఏడు సేతులు కావాల కదా మేస్టారూ. మా ఇంటిది పోయినప్పుడు తమరు సెయ్యెత్తలేదు. ఇప్పుడు నేనెత్తితే అదేటనుకుంటది?"

నాకు ఆయన మీద కోపం రాలేదు. నా కాగితం మీద వచ్చింది. చింపడానికి కూడా వీల్లేకుండా రాసుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే అమ్మ అడిగేది.

"ఏట్రా, అందరూ సేతులెత్తేరా?"

"వచ్చే వారం ఎత్తుతారమ్మా."

ఇంటికి రావాలంటేనే భయం పట్టుకుంది. ఒక ఆదివారం నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, "ఎత్తనోడెవుడ్రా?" అంది.

"నేనేనమ్మా," అన్నాను.

జ్వరం వచ్చిందేమోనని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

కొత్త నేలలో అమ్మది రెండో సమాధి, రైల్వే పెద్దాయన భార్య పక్కన. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, నాకంటే ముందు మట్టి వేసింది ఆ పెద్దాయనే.