నాలుగో బుష్షు

ఆ కారు మా షెడ్డుకు వచ్చినప్పుడే నాకు నచ్చలేదు. పాతదని కాదు. దాన్ని నడిపేది మా అన్న. సొంతవాళ్ల బండి బాగుచేయడమంత పాడుపని ఇంకోటి లేదు. పరాయివాడి ఇంజన్ మళ్లీ చెడిపోతే నాలుగు తిట్లతో పోతుంది.

యుద్ధం రోజులవి. హైదరాబాదులో, జహనుమా రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. మాది అంటే ఉస్తాద్‌ది. నేను ఆయన దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్నాను, అప్పటికి ఒక బిడ్డ తండ్రిని. అన్న ఒక జాగీర్దారు ఇంట్లో డ్రైవరు. ఆ దొరకు వికారాబాద్ గుట్టల మీద బంగళా ఉండేది. ఎండలు ముదిరేలోపు ఇంటిల్లిపాదినీ అక్కడికి చేర్చాలని హుకుం. ముందుగా సామాన్లు వేసుకుని అన్న ఒక్కడే పోవాలి. ఇంజన్ చూస్తే కడకడలాడుతోంది.

విప్పితే పిస్టన్ పిన్నుల బుష్షులు నాలుగూ అరిగిపోయి ఉన్నాయి. బుష్షంటే పెద్ద వస్తువేం కాదు, బొటనవేలు పట్టేంత లోహపు గొట్టం. పిస్టన్‌ను కింద పట్టుకునే రాడ్డు పైకొస రంధ్రంలో బిగుసుకుని కూర్చుంటుంది, దాంట్లో పిన్ను ఊగుతుంది. కొత్తవి బొంబాయి నుంచి రావాలి, ఆ రోజుల్లో ఎక్కడివి? బేగంబజార్‌లో తిరగ్గా తిరగ్గా తుక్కులో గన్‌మెటల్ ముక్క ఒకటి దొరికింది. దాన్నే లేతు మీద పెట్టి నాలుగు బుష్షులు తీశాను. ఐదోదానికి లోహం మిగల్లేదు.

బుష్షును వైసు దవడల మధ్య నొక్కి రాడ్డులోకి ఎక్కించి, రీమరు పెట్టి లోపల కొంచెం కొంచెంగా గీరాలి. మా షెడ్డు పరీక్ష ఒకటే. నూనె పూసిన పిన్ను బొటనవేలితో నొక్కితే లోపలికి పోవాలి, దానంతటది జారకూడదు. మూడు అలాగే కుదిరాయి. మూడు కుదిరేసరికి నాకు కొమ్ములొచ్చాయి. నాలుగోదాంట్లో రీమరు ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. పిన్ను పెట్టగానే అటునుంచి జారి బల్ల మీద పడింది. నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

ఉస్తాద్ పిన్నును అటూ ఇటూ ఊపి చూశారు.

"వెంట్రుకంత లూజున్నది బేటా. ఇంజన్ చాలూ చేసి చూద్దం. చప్పుడొస్తె విప్పుదం, ఇంకో ముక్క దేవులాడుదం. రాకుంటె ఫికర్ లేదు."

అంటే ఇక అంతా ఆయన చెవి మీదే. ఆ చెవుల సంగతి గల్లీ మొత్తానికి తెలుసు. రెండేళ్లుగా ఛాయ్ కావాలా అని అడగాలన్నా భుజం తట్టాలి. కానీ ఇంజన్ మాత్రం ఆయనకు వినిపించేది. కర్ర ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని ఆయన చెప్పింది ఒక్కసారీ తప్పలేదు. మనుషుల లొల్లి వద్దనుకుని చెవులు ఇనుముకు అప్పజెప్పారని మేం నవ్వుకునేవాళ్లం. షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బండి తెచ్చిన గిరాకీ ముందర ఉస్తాద్ మాట అయ్యాక ఇంకెవడూ నోరు తెరవకూడదు. తెరిస్తే బేఅదబీ, ఆయన్ని అవమానించినట్టే.

ఇంజన్ బిగించిన రోజు పొద్దున్నే జాగీర్దారు మున్షీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సామాన్లు కూడా తెచ్చేశాడు. అన్న ఖాకీ కోటు వేసుకుని తయారుగా నిలబడ్డాడు. నేను హ్యాండిల్ తిప్పాను. ఇంజన్ అందుకుంది, మెత్తగానే నడిచింది. ఆ మెత్తదనం లోపల ఒక టిక్కుటిక్కు. తలుపు అవతల ఎవరో గోటితో తడుతున్నట్టు, ఆగకుండా.

అది నాలుగో బుష్షే. మున్షీ నా వంకే చూస్తున్నాడు. వాడి ముందర ఉస్తాద్ పరువు పోకూడదని ముఖం రాయి చేసుకుని నిలబడ్డాను. అబద్ధమెందుకు, నా తప్పు బయటపడకూడదని కూడా. ఉస్తాద్ కర్ర పెట్టుకుని చాలాసేపు విన్నారు. తర్వాత తలెత్తి, "మాషాల్లా, గడియారం లెక్క నడుస్తున్నది" అన్నారు.

ఆయనది నలభై ఏళ్ల అనుభవం. ఆయనకు వినిపించలేదంటే చప్పుడు లేదేమో, నా భయమే చప్పుడు చేస్తోందేమో అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, ఘాటుల పోవాలె. నీకు మంచిగనే ఉన్నదనిపిస్తుందా?"

"ఉస్తాద్ చెప్పినంక నేనేందన్నా చెప్పేది?" అని కసురుకున్నాను.

"గట్ల మండుతవేందిరా," అని నవ్వి వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ టిక్కుటిక్కు రోడ్డు మలుపు దాకా నాకు వినిపించింది.  సైకిల్ మీద వెంటబడి ఆపుదామా అని షెడ్డు బయటి దాకా పోయాను. ఏమని ఆపాలి? వెనక్కి వచ్చి పానాలు తుడుస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దెక్కాక మున్షీ మనిషి కబురు తెచ్చాడు. ఘాటు దిగుడులో ఇంజన్ ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి కల్వర్టు పక్కన బోల్తా పడింది. అన్న కుడికాలు దాని కింద నలిగింది. దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

కారును ఎడ్లను కట్టి ఈడ్చుకొచ్చారు. నేనూ ఉస్తాదూ విప్పాం. వదులు పిన్ను కొట్టీ కొట్టీ నాలుగో బుష్షు పగిలిపోయింది. ముక్కలు ఇరుక్కుని రాడ్డు విరిగింది. ఉస్తాద్ ఆ ముక్కలు అరచేతిలో వేసుకుని నా వైపు చూశారు.

"నీకు వినవడ్డదా బేటా?"

తలూపాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"నాకు రెండేండ్ల సంది ఏ ఇంజనూ వినవడ్తలేదు," అన్నారు మెల్లగా. "కర్ర ఉత్తదే. నేను నీ మొఖం చూస్తుంటి. నువ్వు కండ్లు చిన్నగ చేస్తె విప్పుమంటుంటి. మొన్న నీ మొఖంల ఏం కనవడలే."

తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి, మంచం మీదున్న అన్న ముందర చేతులు కట్టుకుని నిలబడ్డారు. తప్పు తనదేనన్నారు. నా పేరెత్తలేదు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

అన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. రోడ్డు మీద మోటారు పోయినప్పుడల్లా, "ఆ చెవిటి ముసలోడు నా కాలు తిన్నడు" అని తిట్టేవాడు. పక్కన కూర్చుని నేను "ఔ అన్నా" అనేవాణ్ని.