నాగవ్వ పొర్లుదండాలు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాగవ్వ కథలో రెండూ జారాయి. రెండూ వెనక్కి రాలేదు.

ఆరబోసిన వడ్లను తన యారాలు యాదవ్వ కోళ్ళు తిన్నాయని నిరుడు నాగవ్వ ఆ తోడికోడలిని "నీ కాళ్లిరుగ!" అని తిట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ తిట్టుకునే తిట్టే. వానలు పడగానే యాదవ్వ బోరింగు దగ్గర పాకురు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి చేతికర్రే దిక్కు.

ఎల్లారెడ్డి టౌను పక్క ఊళ్ళో ఇద్దరిదీ ఒకే ఇల్లు, నడుమ గోడ. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. యాదవ్వ ఒక్క మాట అనలేదు. తిట్టిపోసినా బాగుండేదని నాగవ్వ కుమిలిపోయింది. మాటలు ఆగిపోయాయి. గోడ అవతల కర్ర చప్పుడైతే నాగవ్వకు ముద్ద దిగేది కాదు.

చివరికి దేవుడి ముందు తప్పు ఒప్పుకుని, భిక్నూర్ గుడిలో పొర్లుదండాలు పెడతానని మొక్కుకుంది. తడిబట్టలతో, కళ్ళు మూసుకుని పొర్లాలి. పొర్లే మనిషి దారి తప్పుతుంది గనుక పక్కన సొంతవాళ్ళు నడుస్తూ సరిచేయాలి. నాగవ్వకు సొంతమంటే యాదవ్వే. అడిగే మొహం లేక ఒక్కతే బస్సెక్కింది.

కాస్త దూరం పొర్లిందో లేదో గోడకు గుద్దుకుంది. ఎవరిదో చెయ్యి నడుము పట్టి దారిలో పెట్టింది. మళ్ళీ తప్పితే మళ్ళీ పెట్టింది. గాజుల చప్పుడు లేదు; యాదవ్వ చేతులకూ గాజుల్లేవు. కర్ర పట్టిన మనిషి అలా వంగలేదని తెలుసు. కానీ ఆశకు బుద్ధెక్కడిది?

"చెల్లె, ఆ మాట నేనే అన్న. నా నోరు పడిపోను. మాఫ్ చెయ్యవే" అని పొర్లుతూనే ఏడ్చింది.

చుట్టు పూర్తయి కళ్ళు తెరిస్తే, ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి.

"నాకు చెప్తే ఏమొస్తదవ్వా?" అందామె, కొంగుతో నాగవ్వ మొహం తుడుస్తూ. "ఆమెకే చెప్పరాదు?"

దారిపొడుగునా ఆ మాటే తలచుకుంటూ నాగవ్వ ఊరు చేరింది. నేరుగా యాదవ్వ తలుపు ముందు నిలబడింది. దేవుడు మాఫ్ చేసే ఉంటాడు, ఆయనకదో పెద్ద పని కాదు. తలుపు అవతలి మనిషితోనే వచ్చింది కష్టం. గుడి చుట్టూ పొర్లిన ఒంటికి ఆ తలుపు కొట్టడానికి చెయ్యి లేవలేదు.

లోపల కర్ర చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగింది. "ఎవలు?" అని యాదవ్వ అడగలేదు. నాగవ్వ చెప్పలేదు.

కాసేపటికి కర్ర మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.