పావుగంట ముందున్న దేశంలో అమ్మ ముగ్గు

మా వంశంలో మొట్టమొదటి విదేశీ ప్రయాణం టాటానగర్ స్టేషన్‌లో, స్లీపర్ క్లాసులో మొదలైంది. దేశం పేరు నేపాల్. నవ్వకండి, సరిహద్దు సరిహద్దే. దీనంతటికీ మూలం మా అమ్మ. మాది శ్రీకాకుళమైనా, మేముండేది ఆ ఊరి రైల్వే క్వార్టర్లో రెండో అంతస్తు. అక్కడ ముగ్గుకి దొరికేది గుమ్మం ముందు రెండు బండలంత జాగా, అదీ పాలవాడు వచ్చి తొక్కేవరకే. పక్కింటి సునయనా ఆంటీది మిథిల వైపు. ఆవిడ అక్క రంజూ దీదీ అత్తవారిల్లు సరిహద్దు అవతల, జనక్‌పూర్ దాటాక ఒక పల్లెలో ఉంది. మట్టిగోడల మీద చేపలూ నెమళ్లూ, వాకిలి నిండా తడిపిండితో పెట్టిన ముగ్గూ ఉన్న ఆ ఇంటి ఫోటోని ఆంటీ ఫోన్లో చూసిన రోజు నుంచి, అంత వాకిట్లో ఒక్కసారి ముగ్గు పెట్టాలని అమ్మ పట్టుపట్టింది. నా కాలేజీకి వేసవి సెలవులు రాగానే నాన్న కూడా సెలవు పెట్టాడు. మేం ముగ్గురం బయల్దేరాం.

మన వైపు సరిహద్దు స్టేషన్ జయనగర్‌కి నేరుగా వెళ్లే బండి మా తేదీలకి కుదరక ఆసన్‌సోల్‌లో మారాం. ఉదయానికి జయనగర్లో దిగాం. నేపాల్ రైలుకి అక్కడే వేరే ప్లాట్‌ఫారం, వేరే కౌంటరు ఉన్నాయి. ఓటరు కార్డు చూపించాలి, సంచులు విప్పి చూస్తారు. టికెట్టు మనిషికి వంద రూపాయల లోపే, మన నోట్లే తీసుకున్నారు. నాన్న అలవాటు కొద్దీ తన రైల్వే పాసు తీసి కౌంటర్లో పెట్టాడు. లోపలి మనిషి దాన్ని గౌరవంగా రెండువైపులా తిప్పి చూసి, అంతే గౌరవంగా వెనక్కి తోశాడు. మా విదేశాంగ విధానానికి అది తొలి దెబ్బ.

నాన్న గూడ్సు బండి గార్డు. ఇప్పుడా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ, పని మారలేదు: బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చోవడం, వెనక్కి వెళ్లిపోయే స్టేషన్లకి జెండా ఊపడం. అమ్మ కాపురమంతా ఆ డ్యూటీ రోస్టర్ ప్రకారమే నడిచింది. ఇద్దరూ ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చోగా నేను చూసిన ప్రయాణాలు చాలా తక్కువ. ఈసారి కిటికీ సీటు అమ్మకిచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. మామిడితోటలూ, పెసరచేలూ, గేదెలు మునిగిన చెరువులూ దాటిపోతున్నాయి. అమ్మ అవన్నీ చూస్తోంది. నాన్న మాత్రం సిగ్నళ్లు చూస్తున్నాడు.

మేం దిగిన చిన్న స్టేషన్లో గడియారం చూసి నాన్న ఆగిపోయాడు. తన వాచీతో పోల్చుకుని, తీర్పు చెప్పే జడ్జిలా తలాడించాడు.

"ఈళ్ల గడియారం పావుగంట ముందుకి నడుత్తంది. మా దగ్గరైతే ఈపాటికి మెమో వచ్చీసును."

ఫోన్లకి సిగ్నల్ లేదు, అయినా వాటిలో టైము నాన్న వాచీలాగే ఉంది. అవి కూడా నాన్న పక్షానే సాక్ష్యం చెప్పాయి.

అక్కణ్ణుంచి పల్లెకి బ్యాటరీ రిక్షాలో వెళ్లాం, అరగంట దారి. టాటానగర్ నుంచి వచ్చామనగానే డ్రైవరు వెనక్కి తిరిగి, మా ఊళ్లోని గోల్‌మురి మార్కెట్ అలాగే ఉందా అని అడిగాడు. కుర్రతనంలో అక్కడ మేనమామ దగ్గర రెండేళ్లు ఉన్నాడట. విదేశంలో మేం మాట్లాడిన మొదటి మనిషితో గోల్‌మురి ట్రాఫిక్ గురించి దారి పొడుగునా చర్చించాం.

రంజూ దీదీ అన్నం, పప్పు, ఏదో ఆకుని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు పెట్టింది. మర్నాడు వాళ్లింట్లో పూజ ఉందట. బియ్యం నానబోశామనీ, పొద్దు వాలాక వాకిలి అలికి ముగ్గు పెడతామనీ, దాన్ని వాళ్లు అరిపన్ అంటారనీ చెప్పింది. అమ్మని ఉండిపొమ్మంది. అమ్మ నాన్న వైపు చూసింది.

"ఈ రాత్రికి ఉండిపోదామండీ. మన బండి రేపు మజ్జాన్నం కదా."

నాన్న ఒప్పుకోలేదు. రేపటి బండి అందుకోవాలంటే ఇవాళే జయనగర్ చేరాలనేది ఆయన సిద్ధాంతం. ఒక రోజు ముందు స్టేషన్లో ఉండటాన్ని మా ఇంట్లో సమయపాలన అంటారు. అమ్మ వాదించలేదు. నానిన బియ్యం గిన్నెలో వేలు పెట్టి ఒక గింజ నొక్కి చూసి, చెయ్యి తుడుచుకుని సంచీ తీసుకుంది. తిరుగు దారంతా రిక్షాలోంచి వాకిళ్లు చూస్తూ కూర్చుంది. నా దగ్గరున్న జోకులన్నీ ఆ అరగంటలో ఖర్చయిపోయాయి, ఒక్కటీ పేలలేదు.

నాన్న లెక్క ప్రకారం పది నిమిషాలు ముందే స్టేషన్ చేరాం. అప్పుడే బండి కదిలి వెళ్తోంది. నేపాల్ గడియారం మనకన్నా పావుగంట ముందుంటుంది. భూగోళం పరీక్షలో నేనది రాసే ఉంటాను. స్టేషన్ గడియారం తప్పు కాదు, దేశమే ముందుంది.

బండి చివరి పెట్టె మా ముందు నుంచి వెళ్లింది. నాన్న పరిగెత్తలేదు. నిటారుగా నిలబడి, చక్రాలూ తలుపులూ చూసి, అంతా సవ్యంగా ఉందన్నట్టు చెయ్యెత్తాడు. ఆ పెట్టెలోని గార్డు కూడా చెయ్యెత్తి బదులిచ్చాడు. బండి మలుపు తిరిగేదాకా నాన్న చెయ్యి దించలేదు.

"ఏటండీ, బండి ఎల్పోతంటే ఆపకుండా దీవిత్తన్నారా?" అంది అమ్మ.

నాన్న నవ్వాడు. తర్వాత మెల్లగా, "ఎప్పుడూ లోపల్నుంచి సూడ్డమే గాని, ఇలగ బయట్నించి సూళ్లేదే," అన్నాడు. రేపు పొద్దున్న ఇంకో బండి ఉందని స్టేషన్ మనిషి చెప్పాడు. అది మధ్యాహ్నంలోపు జయనగర్ చేరుస్తుంది. అదే రిక్షా ఎక్కి వెనక్కి వెళ్లాం.

అప్పటికి పిండి రుబ్బేశారు. పేడతో అలికిన వాకిలి ఇంకా తడిగా ఉంది. దీదీ గుడ్డపీలికని పిండిలో ముంచి, ఉంగరపు వేలి మీంచి జారనిస్తూ తామరపువ్వు గీసింది. అమ్మ కాసేపు ఆ వేలినే చూసి, తూర్పు మూల తనకి ఇమ్మంది. చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. నాన్న పిండిగిన్నె పట్టుకుని ఆవిడ వెనకాలే వంగి నడుస్తున్నాడు. ఒకసారి ముందుకొచ్చి, గీత వంకర పోతోందని సలహా ఇవ్వబోయాడు.

"మీరు ఎనకాలే ఉండండి. మీకలవాటే కదా," అంది అమ్మ తలెత్తకుండా.

ఆయన బుద్ధిగా వెనక్కి వెళ్లాడు.

ఊళ్లు చూడటమంటే ఎక్కువ చోట్లు తిరగడం అనుకునేదాన్ని. ఈ ప్రయాణంలో మేం చూసింది ఒక స్టేషన్, ఒక పల్లె, ఒక వాకిలి. గుడులకీ కోటలకీ వెళ్లలేదు. కానీ అమ్మకి ఏం కావాలో మా ఇద్దరికీ మొదటినుంచీ తెలుసు, తెలిసి కూడా సంచులు సర్దించాం. ఆ బండి అంది ఉంటే అమ్మ ఆ మాట మళ్లీ ఎత్తేది కాదు. ఎత్తకపోవడాన్ని మేం ఒప్పుకోవడం అనుకునేవాళ్లం. మర్నాడు పొద్దున్న వాకిట్లో తామరపువ్వు పక్కన మా శ్రీకాకుళం మెలికల ముగ్గు ఆరి తెల్లగా మెరుస్తోంది. పూజకొచ్చిన ఆడవాళ్లు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికి వెళ్లారు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒకే సలహా: పల్లెలో ఒక రాత్రి ఉండేలా చూసుకుని, ఆ సాయంత్రం ఏం చెయ్యాలో మీతో వచ్చినవాళ్లలో ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషిని అడగండి.