మా యారాలి జామపండు కజ్జికాయలు

మా యారాలు చనిపోయిందన్న వార్త నాకు మిర్యాలగూడలో, మా అమ్మగారింట్లో ఉండగా తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "గుండె ఆగిందంట. దవాఖానకు తీస్కపోయేలోపట్నే అయిపోయింది" అన్నాడు.

"బావకా?" అన్నాను.

"అన్నకు కాదు. వదినకు."

నా నోట్లోంచి వచ్చిన ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా ఇంట్లో గుండె అంటే బావగారి గుండే. దానికి మాత్రలున్నాయి, డాక్టరున్నాడు, పొద్దుటి నడకకు బూట్లున్నాయి, వేరే వంట ఉంది. ఆ వంట చేసే మనిషికి కూడా ఒక గుండె ఉంటుందన్న ఊహే ఆ ఇంటికి లేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. కోపం తగ్గినంక రాయమని మా ఆయన కూడా అన్నాడు. తగ్గేదాకా ఆగితే అసలు రాయనేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

మేమిద్దరం తోడికోడళ్లం, అన్నదమ్ములను చేసుకుని సూర్యాపేటలో ఒకే ఇంటికి వచ్చినవాళ్లం. కింద వాళ్లు, పైన మేము. ఆమెది కోదాడ. ఆమె "ఉంటుందిగా" అంటే నేను "ఉంటది" అనేదాన్ని. నేను గర్జెలనేవి ఆమెకు కజ్జికాయలు. ఎవరి మాట సరైనదో ఏళ్ల తరబడి వాదించుకున్నాం, తేలలేదు.

బావగారికి స్టెంట్ వేశాక నూనె పిండివంటలు బంద్ అన్నారు. ఆయనకేమో గర్జెలంటే ప్రాణం. ఒకరోజు, "గడ్డి పెడ్తున్నవా నాకు?" అని కంచం అవతలికి నెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె కిందపడ్డ మెతుకులు ఏరి కంచంలో వేసుకుని లోపలికి వెళ్లింది. ఆ వారమే కోదాడ వెళ్లి, తమ్ముడింట్లో వాడకుండా అటక మీద పడున్న, నూనె లేకుండా వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

మొదటిసారి మామిడిపండు గుజ్జు ఉడికించకుండానే నింపింది. రసమంతా కారి అడుగున మాడి ఇల్లంతా పొగ. మా అత్తమ్మ ముక్కు మూసుకుని, "గర్జెలంటే నూనెల తేలాలె. గీ డబ్బాల పెడ్తె అయితయా?" అంది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. మాడినదంతా గీకుతూ, "పండులో నీళ్లు చావాలి చెల్లీ, అప్పుడుగానీ నిలబడదు" అంది.

తర్వాత జామపండు పట్టుకుంది. చివ్వెంల నుంచి బండి మీద వచ్చే పండ్లలో బాగా మిగలపండినవి ఏరేది. ఉడికించి, గింజలు పోయేలా జల్లెడ పట్టి, కాస్త బెల్లం, యాలకుల పొడి వేసి గుజ్జు మూకుడును వదిలేదాకా కలిపేది. గోధుమపిండిలో చెంచాడు నెయ్యి వేసి కలిపి పలచగా ఒత్తి, ఆవాల డబ్బా మూతతో చిన్న చిన్న బిళ్లలుగా కోసి, నడుమ ఇంత గుజ్జు పెట్టి మడిచి, అంచుల్ని ఫోర్కుతో నొక్కి, పైన పాలు రాసి ఆ డబ్బాలో పెట్టేది. సగంలో తీసి తిప్పేది. ఒక్కొక్కటి ఒక్క నోటికి సరిపోతుంది. ఇంత చిన్నవెందుకని అడిగితే, "పెద్దది ఒకటి పెడితే ఇంకోటి పెట్టలేదని అలుగుతారు. ఇవైతే బోలెడు తిన్నానని సంబరపడతారు" అంది.

బావగారు టీవీ చూస్తూ తిన్నాడు. "ఇంకున్నయా?" అన్నాడు. అంతే.

నాకు ఒళ్లు మండింది. "బాగుందని ఒక్క మాట అంటే ఏం పోతది అక్కా?" అన్నాను. "ఖాళీ గిన్నె చెప్పిందిలే" అని నవ్వింది. విచ్చుకుపోయినవి, మాడినవి తన కోసం పక్కన పెట్టుకుంది.

అలాగని ఆమె నోరులేని మనిషి కాదు. బస్టాండు దగ్గర బావగారు స్నేహితులతో మిర్చిబజ్జీలు తింటూ దొరికినప్పుడు, అందరి ముందే పొట్లం లాక్కుని, "మీ గుండె మీ ఒక్కరిదే అనుకుంటున్నారా?" అని అడిగింది. ఆయన ఆమె వెనకాలే ఇంటికి వచ్చాడు. ఆ నోరు తన కోసం మాత్రం ఎప్పుడూ లేవలేదు.

నేను మిర్యాలగూడలో ఉండగా ఆమె ఫోన్ చేసింది. "దవడ లాగుతుంది చెల్లీ. మెట్లెక్కితే వీపు బరువెక్కుతుంది. ఊరికే చెమటలు."

"అక్కా, ఇయ్యాల్నే పో. బావకు చెప్పు."

"చెప్పాను. గ్యాసేమో అన్నారు. సోమవారం ఆయన చెకప్ ఉందిగా, అప్పుడే చూపించుకుంటాలే."

సోమవారం రానే లేదు. శనివారం పొద్దున జామగుజ్జు కలుపుతూ కలుపుతూ పొయ్యి ముందు కూలబడిందట. ఆటోలోనే ప్రాణం పోయింది.

పదోరోజున భోజనాలయ్యాక ఒక దూరపు పెద్దనాయన గోడకు ఆనుకుని కూర్చుని అందుకున్నాడు. "ఎనకట నూనెల గోలించినయి తిన్నోళ్లు నూరేండ్లు బతికిన్రు. గా కరెంటు డబ్బా తిండే పాణం తీసింది." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అత్తమ్మ కూడా, "దాన్ని పాత సామాన్లకియ్యున్రి" అంది.

నేను లేచి నిలబడ్డాను. "పాణం తీసింది డబ్బా కాదు పెద్దనాయినా. గా డబ్బా బావ పాణం కాపాడింది. దవడ గుంజుతందని గామె నోరు తెరిచి చెప్తే గ్యాస్ గోళీ ఇచ్చిన్రు. బావకు జర దగ్గొస్తె కారు మాట్లాడెటోళ్లు, గామెకు ఆటో సుత చివరికి పిలిచిన్రు."

మా ఆయన నా చెయ్యి పట్టి లాగాడు. నేను కూర్చోలేదు. బావగారు తలెత్తి, "అవునమ్మా. గోళీ నేనే ఇచ్చిన" అన్నాడు. ఆ మాట వింటే నా కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు.

మర్నాడు అత్తమ్మను దవాఖానకు తీసుకెళ్లాను. "నాకేమైందే?" అని దారంతా గునిసింది. "తెల్సుకుందం పా" అన్నాను. ఈసీజీ తీయించాను, నాకూ తీయించుకున్నాను. ఎయిర్ ఫ్రయర్ పాత సామాన్లలోకి పోలేదు. నేను పోనివ్వలేదు.

మొన్న కిందికి వెళితే వంటింట్లో బావగారు ఉన్నాడు. ఆయన ఆ గదిలో నిలబడగా చూడడం నాకు అదే మొదలు. బండ మీద వంకరటింకర బిళ్లలు, గిన్నెలో గింజలతో సహా జామగుజ్జు.

"గిది ఎట్ల ముయ్యాలమ్మా?" అన్నాడు.

"ఫోర్కుతోని నొక్కాలె" అన్నాను. చూపించడానికి లోపలికి వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను.

నొక్కాడు. పిండి చిరిగి గుజ్జు బయటికొచ్చింది. ఇంకో బిళ్ల తీసుకున్నాడు, అదీ చిరిగింది. మళ్లీ ఇంకొకటి. కళ్లల్లోంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. రెండు చేతుల నిండా పిండీ గుజ్జూ. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.