గేటుకు కట్టిన వోల్టేజీ కాగితం

పక్కింటి ఆటో అతను డీజిలు బండి తీసేసి కరెంటు ఆటో కొందామనుకున్నాడు. శనివారంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు షోరూంవాళ్లు. అతని దిగులల్లా మా వీధి వోల్టేజీ గురించే. అది ఎప్పుడుంటుందో, ఎప్పుడు పడిపోతుందో ఎవరికీ తెలియదు. రాత్రి పెట్టిన ఛార్జింగు రోజంతా రాదు, పగలూ ఒకసారి పెట్టాలి. సగం ఛార్జింగుతో బండి కోర్టు దగ్గర ఆగిపోతే ఆ పూట బేరాలు పోయినట్టే.

"అన్నేళ్లు సబ్‌స్టేషన్లో కూర్చున్నావు గదా బాబాయ్. ఏ టైములో కరెంటు బాగుంటదో చెప్పు, చాలు" అన్నాడు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లున్నాయి. ఏ గంటకు ఎంత లోడు పడిందో ఆఫీసుకు చేరుతుంది. అదెంత పని అనుకుని మర్నాడే నేను పనిచేసిన సబ్‌స్టేషనుకు వెళ్లాను. అక్కడి ఆపరేటరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పక్కింటి ఆటో సంగతి చెప్పి లోడు రాసే రిజిస్టరు అడిగేసరికి మాత్రం గోడ వైపు చూశాడు. 'బయటివారికి రిజిస్టరు చూపరాదు' అని అక్కడొక అట్ట వేలాడుతోంది. రాసింది నేనే. కింద గీత కూడా స్కేలు పెట్టి గీశాను.

"మీరు పెట్టిన రూలే గదా సార్" అన్నాడు మర్యాదగానే.

ఇంటికొచ్చి చెబితే, బియ్యం ఏరుతున్న మా ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఇన్నాళ్లూ జనానికి చూపించలా. ఇప్పుడు మీరూ జనమేగా" అంది.

నాకు రోషం వచ్చింది. రిటైరైనా, రోజుకు మూడుసార్లు మా ఇంటి వోల్టేజీ చూసి డైరీలో రాసే అలవాటు పోలేదు. ఏడాది డైరీ ముందేసుకు కూర్చున్నాను. 'వోల్టేజీ నూట డెబ్భై. మిక్సీ తిరగలేదు. పచ్చడి రోట్లో. ఆవిడ మాట్లాడటం లేదు' అని ఉన్నచోట మొదటి ముక్క మాత్రం తీసుకున్నాను. శుభ్రంగా పట్టిక గీసి, పైన 'మన వీధి కరెంటు' అని రాసి గేటుకు కట్టాను. సాయంత్రాలు బాగుంది, మధ్యాహ్నాలు బాగా పడిపోతోంది.

వీధిలో అందరూ ఆగి చదివారు. నాకు కాస్త గర్వంగానే ఉంది. ఆటో అతను మాత్రం రెండుసార్లు చదివి తల అడ్డంగా ఊపాడు.

"మధ్యాహ్నమే గదా బాబాయ్ నాకు ఖాళీ. సాయంత్రం బండి ఇంట్లో పెట్టుకుంటే తినేదేంది? ఇంక ఆ ఆటో మాట వదిలేస్తా."

శుక్రవారం పొద్దున ఆపరేటరు మా వీధిన పోతూ ఆ కాగితం చూశాడు. స్కూటరు ఆపి, జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"ఏంది సార్ ఇది? వీధి మొత్తానికి రాశారు. మీ ఇల్లున్నది వెల్డింగ్ షాపు ఫేజు మీద, మధ్యాహ్నం వాళ్ల మిషనే లాగేస్తది. ఆటో ఆయనది వేరే ఫేజు. ఇది నాకు నేర్పింది మీరే."

నిజమే. తీగలు మూడు, నేను చూసింది ఒక్కటి. నా ఇంటి వోల్టేజీని వీధి మొత్తానికి అంటగట్టాను. మా ఆవిడ వాకిట్లోనే ఉంది. గేటు దాకా వచ్చి ఆ కాగితం మళ్లీ చదివింది. ఏదో ఒకటి అనేస్తే బాగుండేది.

మధ్యాహ్నానికి ఆపరేటరు మళ్లీ వచ్చాడు. ఇంజనీరును అడిగి, మూడు ఫేజుల లెక్కా గంటగంటకూ రాయించుకొచ్చాడు. నా కాగితం విప్పి, అదే దారంతో తనది కట్టాడు.

"చూపియ్యొచ్చా మరి?" అన్నాను.

"తప్పు లెక్క నలుగురూ చదువుతుంటే నాకు అన్నం సయించలా సార్. ఇంజనీరు గారు కూడా అదే అన్నారు, ఒప్పుదైనా చదవనీ అని."

ఆటో అతని ఫేజు మీద మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా లోడు తక్కువ, అంటే వోల్టేజీ పడిపోదు. ఆటో అతను ఆ గడి మీద వేలు పెట్టి, ఆపరేటరు చేత రెండుసార్లు చెప్పించుకుని, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. నా వంక చూసి, "ఏమనుకోమాక బాబాయ్, ఈసారి ఆయన్నే అడుగుతున్నా" అన్నాడు.

శనివారం షోరూంకు వెళ్లి మాటిచ్చొచ్చాడు. ఇప్పుడు రోజూ భోజనం వేళకు ఆటోను వాకిట్లో ఛార్జింగుకు పెట్టి, పక్కనే మంచం వేసుకుని గురకపెడతాడు.